ఎవరూ పోలేదు, ఊరికే వస్తున్నా

చావు కబురు చల్లగా చెప్పాడంటే ఎక్కడైనా తిట్టే. సరిహద్దు పక్క సారి-ఒరుక్ ఊళ్ళో మాత్రం అదొక హోదా. ఆ హోదా ఎర్గెష్‌ది, అతనికి ముందు అతని తండ్రిది. రష్యాలో కూలికెళ్ళినవాడు కట్టడం మీంచి పడిపోయినా, కొండమీద గొర్రెలు కాసేవాణ్ణి మంచు మింగేసినా, ఆ సంగతి ఇంటివాళ్ళకు ఫోనులోనో, దారినపోయేవాడి నోటనో తెలియకూడదు. పెద్దమనుషులిద్దరు వెనక రాగా, తెల్లటి ఉన్ని టోపీ సర్దుకుని ఎర్గెష్ వెళ్ళాలి. పరుపు మీద కూర్చోవాలి. టీ పోస్తే అందుకుని, తాగకుండా ముందు పెట్టుకోవాలి. ఈ ఏడు వానలెలా ఉన్నాయో కాసేపు మాట్లాడి, మంద మొత్తంలో మేలైన గుర్రమొకటి తాడు తెంచుకుని ఎటో వెళ్ళిపోయిందట అని నిదానంగా చెప్పాలి. ఆ గుర్రం తాడు తెంచుకునే లోపే ఇంటి ఆడవాళ్ళు జుట్లు విప్పుకునేవారు. అతను తొందరపడడు, గొంతు పెంచడు. ఏడ్చే మనిషిని ఎలా పట్టుకోవాలో ఆ చుట్టుపక్కల అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని అందరూ ఒప్పుకునేవారు. ఒప్పుకుని, దూరంగా ఉండేవారు.

దూరంగా ఉండక ఏం చేస్తారు? అతను ఎవరి గేటు ముందైనా ఆగి బూటులో రాయి దులుపుకున్నా సరే, ఆ ఇంట్లో పిల్లల్ని లెక్కపెట్టుకునేవారు. పెళ్ళిళ్ళకు పిలుపైతే వచ్చేది గాని, కూర్చోబెట్టడం మాత్రం వెనక వంటల దగ్గర, పలావు బాన చాటున. పెళ్ళికూతురి కంట పడితే ఇంకేమైనా ఉందా? మంగలి తనే ఇంటికొచ్చి క్షవరం చేసి పోయేవాడు. గోధుమపిండి కావాలంటే ఎర్గెష్ పొలాల వెంట చుట్టు తిరిగి, కొట్టు వెనక తలుపు తట్టేవాడు. కట్టుకున్న భార్య ఉల్జాన్ కూడా, "గుమ్మంలో నిలబడి దగ్గొద్దని ఎన్నిసార్లు చెప్పాలయ్యా, గుండె జారిపోతోంది" అని విసుక్కునేది. అరవై దాటిన ఎర్గెష్‌కి ఒక్కటే కోరిక మిగిలింది. ఎవరింటికైనా ఏ పనీ లేకుండా వెళ్ళి, ఒక కప్పు టీ అడుగుదాకా తాగి రావాలి. ఇంత చిన్న కోరిక కాబట్టి సిగ్గుపడి ఎవరికీ చెప్పుకోలేదు.

ఆప్రికాట్లు ఎండబెట్టడం అయిపోయిన రోజుల్లో కాలువ తూము దగ్గర రెండు దేశాల కాపలావాళ్ళు తిట్టుకున్నారు. తిట్లు రాళ్ళయ్యాయి, రాళ్ళు ఫిరంగి గుళ్ళయ్యాయి. కాలువకి ఇటూ ఇళ్ళు కాలాయి, అటూ కాలాయి. ఇటువాళ్ళు పట్నంలో బడిగదుల్లో తలదాచుకుని, కాల్పులు ఆగాక తిరిగొచ్చి చూసుకుంటే కప్పులు లేవు, గొడ్లు లేవు. ఫ్రిజ్జులు మాత్రం నల్లగా మాడిపోయి, ఇంటికి కాపలా ఉన్నట్టు వరండాల్లో నిలబడి ఉన్నాయి. అదృష్టమే అనుకోవాలి, ఊళ్ళో ఉన్నవాళ్ళలో ఒక్కరూ పోలేదు. ఒక్కడి జాడే తెలియలేదు. అతను సాదత్ కొడుకు అదిలెత్, సరిహద్దు కాపలాలో పనిచేసే కుర్రాడు.

ఒక సహాయ సంస్థ వచ్చి బడి మైదానంలో తెల్ల డేరాలు వేసింది. ఒక డేరాలో డాక్టరు, ఇంకోదాంట్లో మందులు, చివరిదాంట్లో మనసు. మనసు డేరాకి పెద్ద సల్తానత్, రాజధాని నుంచి వచ్చిన అమ్మాయి. చురుకైనది, మంచిది, నిద్ర లేనిది. ఇల్లు కాలినవాళ్ళు వాళ్ళంతట వాళ్ళు డేరాకి వచ్చి నాకు నిద్రపట్టడం లేదమ్మా అని చెప్పుకోరని ఆమెకు తెలుసు. ఇంటింటికీ వెళ్ళి పలకరించే ఊరిమనిషి ఒకరు కావాలి. అందుకని జనాన్నంతా కూర్చోబెట్టి అడిగింది. మీకు పెద్ద కష్టం వస్తే ముందుగా మీ ఇంటికొచ్చేదెవరు? నిదానంగా మాట్లాడేదెవరు? ఎవరి మాట మీరు మధ్యలో లేచిపోకుండా వింటారు? ఊరంతా ఒక్క గొంతుతో ఎర్గెష్ పేరు చెప్పింది. అందులో ఒక్క అబద్ధం లేదు. ఎందుకొస్తాడో ఆమె అడగలేదు, అందరికీ తెలిసిన సంగతి కాబట్టి ఎవరూ చెప్పలేదు.

ఎర్గెష్‌కైనా తెలియదా అంటే, తెలుసు. కాని ఇంటింటికీ వెళ్ళి, కూర్చుని, టీ తాగుతూ ఎలా ఉన్నారని అడగడమే పని అని ఆ అమ్మాయి చెబుతుంటే అతనికి నోరు పెగల్లేదు. ఆశ అలాంటిది. వాళ్ళిచ్చిన చేతుల్లేని నారింజరంగు కోటు తొడుక్కున్నాడు. దాని వీపు మీద సంస్థ పేరు పెద్దపెద్ద అక్షరాల్లో ఉంది, అది చూసి జనం అర్థం చేసుకుంటారనుకున్నాడు. వీపు మీది అక్షరాలు మనిషి తిరిగి వెళ్ళిపోయేటప్పుడు కదా కనబడేది.

మొదటి ఇల్లు కుర్బాన్‌ది. కాలిన గోడకి మట్టి మెత్తుతున్న కుర్బాన్, గేటు దగ్గర ఎర్గెష్‌ని చూసి ఆ బురదలోనే చతికిలబడ్డాడు. అతని భార్య ఒక్క క్షణం ఆలోచించి, మాస్కోలో ఉన్న మరిది పేరెత్తి ఏడుపుపాట అందుకుంది. మంచి గొంతు ఆమెది, ఇరుగుపొరుగు కూడా వచ్చి కలిశారు. ఎవరో తెలివిగలవాడు ఆ మరిదికే ఫోను కలిపాడు. ఫోనెత్తి ఆ ఏడుపు విన్న మరిది, తల్లి పోయిందనుకుని, ఇంకేమీ అడక్కుండా విమానం టిక్కెట్టు కొనేశాడు. రెండో ఇంటివాళ్ళు వెనక గోడ దూకి వెళ్ళిపోయారు. పొయ్యి మీద కెటిల్ మరుగుతూనే ఉంది, పోసేవాళ్ళు లేరు. మూడో ఇంట్లో ముసలి మామసాలి మాత్రం పెద్దమనిషి తరహాగా టోపీ తీసి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

"ఎవరు?" అన్నాడు.

"ఎవరూ కాదు బాబాయ్. ఎలా ఉన్నారో చూసిపోదామని వచ్చా."

"నాది గట్టి గుండేలేరా, చెప్పు. పెద్దల్లుడా? వాడైతే ఫరవాలేదు, తాగుబోతు సన్నాసి. రెండోవాడైతే కొంచెం కష్టమే, ట్రాక్టరు నడపడం వాడొక్కడికే వచ్చు."

అలా ముసలాయన చుట్టాలందరినీ, ఎవరు పోతే ఎంత బాధపడాల్సి వస్తుందో ఆ వరసలో చెప్పుకుంటూ వచ్చాడు. పెద్దల్లుడు పక్కగదిలో కూర్చుని అంతా వింటున్నాడు. సాయంత్రానికి ఆ ఇంట్లో ఒకరితో ఒకరికి మాటల్లేవు.

డాక్టరు డేరా ముందు వరస మైదానం దాటింది. అందరికీ గుండెదడే. ఫిరంగులు పేలినప్పుడు కూడా ఇంతమందికి ఒకేసారి రాలేదని డాక్టరు ఆశ్చర్యపోయాడు. ఉల్జాన్ వచ్చి మొగుడి అసలు సంగతి చెప్పాక, సల్తానత్ ప్లాస్టిక్ కుర్చీలో కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. తర్వాత మొహం చేతుల్లో దాచుకుంది. అడగవలసింది అడగకపోవడం నా తప్పే, ఆయన్నేమీ అనకండి అంది. మర్నాడు పొద్దున్న కోటు తిరిగి ఇచ్చెయ్యమని ఎలా అడగాలా అని ఆమె మథనపడుతుంటే, ఎర్గెష్ దాన్ని అప్పటికే మడతపెట్టి తెచ్చాడు. మడత మీద చెయ్యి తీయడానికి మాత్రం అతనికి మనసొప్పలేదు.

సరిగ్గా అప్పుడే సాదత్ పొరుగావిడ ఆయాసపడుతూ వచ్చింది. సాదత్ నిన్నట్నుంచి తలుపు తీయడం లేదు.

సాదత్‌కి షుగరు జబ్బు. రోజూ ఇన్సులిన్ పడాలి. ఆమె ఫ్రిజ్జు కాలిపోయింది కాబట్టి మందు డేరాలో పెట్టారు, రోజూ తనే వచ్చి వేయించుకుని వెళ్ళేది. నిన్న కిటికీలోంచి ఎర్గెష్‌ని ఆ నారింజ కోటులో చూసింది. డాక్టరుదీ అదే కోటు, నర్సుదీ అదే కోటు. అంటే వీళ్ళంతా అతని మనుషులన్నమాట. ఆ రంగువాళ్ళెవరూ నా గడప తొక్కొద్దు అని లోపల గడియ పెట్టుకుంది. ఆమె లెక్క చాలా తేలిక. ఎర్గెష్ చెప్పేదాకా అదిలెత్ పోయినట్టు కాదు. లోపలికి రాందే ఎర్గెష్ చెప్పలేడు. కాబట్టి తలుపు తీయకపోతే కొడుకు బతికే ఉంటాడు. ఈ లెక్కలో తప్పెక్కడుందో డాక్టరుకి కూడా అంతుబట్టలేదు.

సల్తానత్ కోటు విప్పేసి వెళ్ళింది. నాకు చెప్పడానికి రాజధాని నుంచి కూడా మనుషుల్ని తెప్పించారా అని సాదత్ లోపలినుంచే పంపేసింది. సూదిమందు పొట్లం కట్టి గేటు దగ్గర పెట్టారు. పోయిన సైనికుడి బట్టలు పొట్లం కట్టే పంపుతారు, అందుకని దాని వంక చూడను కూడా చూడలేదు. ఇంకో రోజు ఇలాగే గడిస్తే మనిషి దక్కదని, తలుపు పగలగొడదామని డాక్టరు అన్నాడు. ఊళ్ళో ఫిరంగులు వదిలేసిన తలుపు అదొక్కటే, దాన్ని మనం పగలగొడితే ఇంక మనం ఇక్కడ ఉండి ప్రయోజనం లేదని సల్తానత్ అడ్డం పడింది. అందరూ ఎర్గెష్ వంక చూశారు. ఏ మనిషి మొహం చూసి ఆమె గడియ పెట్టుకుందో ఆ మనిషే వెళ్ళాలి. ముల్లును ముల్లుతోనే కదా తీస్తాం.

అతను వెళ్ళి ఆమె గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

"వదినా, నా దగ్గర ఏ కబురూ లేదు. సూదిమందు తెచ్చా, అంతే."

"ఇంత మెత్తగా మాట్లాడకు. మా ఆయనప్పుడూ ఇలాగే మాట్లాడావు. వానలన్నావు, గుర్రమన్నావు."

"ఈసారి గుర్రం లేదొదినా."

"గుర్రం లేకపోతే కూలిన చెట్టుంటుంది."

రొట్టె మీద ఒట్టేశాడు. చనిపోయిన తండ్రి మీద ఒట్టేశాడు. లోపల చాలాసేపు చప్పుడు లేదు. అతనికి నిజంగా భయమేసింది. ఎన్నో ఇళ్ళకు చావును మోసుకెళ్ళినవాడే గాని, తను వచ్చినందువల్ల చావు రావడం ఎన్నడూ లేదు. చివరికి ఆమె గొంతు నీరసంగా వినబడింది.

"వీధి చివరికి పో. అక్కణ్ణుంచి అరుచుకుంటూ రా, ఎవరూ పోలేదని. ఊరంతా వినాలి. కబురు తెచ్చినవాడైతే అరవడు. నువ్వు అరిస్తేనే నేను నమ్ముతా."

ఎర్గెష్ జీవితంలో అరిచినవాడు కాడు. తూము పొంగినప్పుడు కూడా, నీళ్ళొస్తున్నాయి కాస్త జరగండి అన్నవాడు. వీధి చివర నిలబడి నోరు తెరిస్తే మొదట దగ్గొచ్చింది. ఆ దగ్గుకే రెండు గేట్లు మూసుకున్నాయి. కళ్ళు మూసుకుని, టోపీ చేత్తో పట్టుకుని, ఉన్న ఊపిరంతా పోగుచేసుకుని అరిచాడు.

"ఎవరూ పోలేదు! ఊరికే వస్తున్నా!"

కుక్కలు మొరిగాయి. గాడిదొకటి జవాబిచ్చింది. మామసాలి గోడ మీంచి తల పెట్టి, వీడికి మతి పోయిందర్రా అన్నాడు. ఎర్గెష్ ఆగలేదు, ప్రతి గేటు దగ్గరా అదే కేక పెట్టుకుంటూ, చెవులదాకా ఎర్రబడి సాదత్ ఇంటికి వచ్చేసరికి తలుపు ఓరగా తెరిచి ఉంది. ఆమె పెదాలు ఎండిపోయి ఉన్నాయి. బయల్దేరేముందు నర్సు బంగాళాదుంప మీద పొడిపించి నేర్పింది, అలాగే ఆమెకు సూది పొడిచాడు. ఆమె టీ పోసింది. పోసి, కప్పు వంకే చూస్తూ కూర్చుంది. కబురు తెచ్చిన రోజున అతను టీ తాగడని ఆమెకు తెలుసు. ఎర్గెష్ తాగాడు. అడుగుదాకా తాగి కప్పు కింద పెట్టాకే ఆమె ఊపిరి వదిలింది. ఇంకొకరి ఇంట్లో టీ ఇంత బాగుంటుందా అని ఎర్గెష్‌కి ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

మర్నాడు కోటు మళ్ళీ తొడుక్కుని అదే పని. ఆ తర్వాత అదే ఊరి ఆచారమైపోయింది. అతను అరిస్తే అందరికీ ప్రాణం లేచొచ్చేది. ఒక రోజు గొంతు బొంగురుపోయి మెల్లగా అంటే, కుర్బాన్ భార్య బయటికొచ్చి, సరిగ్గా అరవవయ్యా, సగం భయం సగం ధైర్యం పెట్టి మమ్మల్ని చంపకు అని కసిరింది. అరుపు విన్నాక గేట్లు తీసేవారు, టీ పోసేవారు. టీ దగ్గర మాటలొచ్చేవి. కాలిపోయిన ఆవు రోజూ కలలోకొచ్చి పాలు పితకమంటోందని కుర్బాన్ చెప్పుకున్నాడు. నేను పోతే ఎంత బాధపడతావో ఇప్పుడు చెప్పు మామా అని మామసాలిని పెద్దల్లుడు ఎర్గెష్ ముందే నిలదీశాడు. మామసాలి చాలాసేపు ఆలోచించి, మొన్నటికన్నా ఎక్కువే అన్నాడు. తన వల్ల కానివాళ్ళను ఎర్గెష్ సల్తానత్ డేరాకి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేవాడు. డాక్టరు దగ్గర వరస పలచబడింది. టీలు తాగి తాగి ఎర్గెష్ ఒళ్ళు చేశాడు.

ఇదంతా రాజధానిలో ఎవరికో నచ్చింది. కారులో సంస్థ పెద్దలు వచ్చి, కెమెరా ముందు అతనిచేత అరిపించారు. వెలుతురు సరిపోలేదని మళ్ళీ అరిపించారు. ఆ బొమ్మతో గోడపత్రిక వేసి, చుట్టుపక్కల ఊళ్ళలో కూడా ఇంటింటికీ వెళ్ళే కార్యకర్తలు ఇలాగే అరవాలని చెప్పి పంపారు. సల్తానత్ వద్దని మొత్తుకుంది, వినలేదు. కొండవతలి ఊళ్ళో ఎవరైనా పోయారన్న అనుమానం కూడా ఎవరికీ లేదు. అలాంటి ఊళ్ళో తెల్లారేసరికి కొత్త మనిషొకడు ఎవరూ పోలేదని అరుస్తూ వస్తే, జనం పరుపులు నెత్తిన పెట్టుకుని మళ్ళీ పట్నం బడికి పారిపోయారు. వాళ్ళను నచ్చజెప్పి వెనక్కి తేవడానికి ఎర్గెషే వెళ్ళాల్సొచ్చింది. అతనెవరో అక్కడివాళ్ళకి తెలియదు కాబట్టి పని తొందరగానే అయింది.

మొదటి మంచు పడిన రోజున సైన్యం కార్యాలయం నుంచి ఇద్దరు వచ్చారు. ఊరిపెద్దల్ని వెంటబెట్టుకుని ఎర్గెష్ ఇంటికి వచ్చి, గుమ్మంలో టోపీలు తీశారు. వాళ్ళేమీ అనకముందే ఉల్జాన్ మొహం కప్పుకుంది. కబురు చెప్పేవాడి ఇంటికే కబురు రావడం ఎలా ఉంటుందో ఎర్గెష్‌కి అప్పుడు తెలిసింది. వాళ్ళూ వానల గురించే మొదలుపెట్టి, చివరికి సాదత్ కొడుకు దగ్గరికి వచ్చారు.

ఆమెకు చెప్పడం నా వల్ల కాదన్నాడు ఎర్గెష్. అతని నోట ఆ మాట ఎవరూ విని ఉండలేదు. సల్తానత్ దగ్గరికి వెళ్ళి, నువ్వు చదువుకున్నదానివి, నువ్వు చెప్పమ్మా అని బతిమాలాడు. ఆమె అతని పక్కన కూర్చుంది. మీరు రమ్మంటే వెంట వస్తాను, మీరు వెళ్ళలేనంటే నేనే వెళ్తాను, కాని ఆవిడ ఎవరి మొహంలోంచి వినాలనుకుంటుందో మీకే తెలుసు అంది. ఆమె కళ్ళు కూడా ఎర్రబడ్డాయి. అతన్ని తినేస్తున్నది చెప్పడం కాదు, వీధి. అరిస్తే అబద్ధం. అరవకపోతే, అతను ఇంటికి చేరకముందే, ఒక మంచి మాటైనా అనకముందే, వీధి చివరనుంచే సాదత్‌కి తెలిసిపోతుంది. ఆమెను నమ్మించడానికి నేర్చుకున్న అరుపే ఇప్పుడు ఆమె గుండె మీద పడబోతోంది.

కోటు విప్పేసి, టోపీ పెట్టుకుని బయల్దేరాడు. పెద్దలు వెనక వస్తున్నారు. కుర్బాన్ గేటు దాటాడు, అరవలేదు. కుర్బాన్ భార్య చేతిలో కుంచె ఆగిపోయింది. మామసాలి అరుగు మీంచి లేచి నిలబడి టోపీ తీశాడు, ఈసారి ఎవరని అడగలేదు. ఒక్కొక్క గేటూ తెరుచుకుని ఆడవాళ్ళు తలగుడ్డలు సర్దుకుంటూ వచ్చి ఆ వెనకే నడిచారు. మంచు మీద అడుగుల చప్పుడు తప్ప ఏమీ లేదు.

సాదత్ తలుపు బార్లా తెరిచి ఉంది. ఆమె పరుపు మీద కూర్చుని చొక్కా చెయ్యి పైకి మడిచిపెట్టుకుంది.

"వాళ్ళను బయటే ఉండమను," అంది. "ముందు సూది వెయ్యి. నువ్వు చెప్పాక వేయించుకోను, నా సంగతి నాకు తెలుసు."

వేశాడు. ఆమె చొక్కా చెయ్యి కిందికి లాక్కుని, టీ పోసి అతని ముందు పెట్టింది. అతను కప్పు అందుకుని, తాగకుండా మళ్ళీ కింద పెట్టాడు. ఆమె కప్పును చూసింది, అతన్ని చూసింది. అతను గొంతు సవరించుకుని, మంచు ఈసారి ముందే పడింది అనబోయాడు.

"వద్దయ్యా. గుర్రాలొద్దు, చెట్లొద్దు. వాడి పేరు పెట్టి చెప్పు."

ఆ పనిలో ఇన్నేళ్ళుగా, పోయినవాడి పేరు పక్కన ఆ మాట చేర్చి అతను ఎన్నడూ పలకలేదు.

"అదిలెత్ చనిపోయాడొదినా."

ఆమె తలను తన భుజానికి ఆనించుకున్నాడు. బయట ఆడవాళ్ళ ఏడుపుపాట లేచింది.

ఖననం అయింది. వచ్చినవాళ్ళు వెళ్ళారు. మందు వేసే వేళకి ఎర్గెష్ ఎప్పటిలాగే వీధి చివర నిలబడ్డాడు. ఏమని అరవాలి? ఎవరూ పోలేదని ఆ వీధిలో ఇంక ఎలా అంటాడు? అరవకుండా అడుగు వేస్తే ఏ ఇంట్లో ఎవరి గుండె ఆగుతుందో తెలియదు. సూదిమందు చేత్తో పట్టుకుని, మంచులో అలాగే నిలబడిపోయాడు. సాదత్ గేటు చప్పుడైంది. నల్లటి తలగుడ్డ చుట్టుకుని ఆమె బయటికొచ్చింది. బలహీనమైన మనిషి, అయినా వీధి వీధంతా వినబడేలా అరిచింది.

"అక్కడే నిలబడిపోయావేం? నీ నోట నేను వినాల్సింది ఇంకేమీ మిగల్లేదు. రా, టీ చల్లారిపోతోంది."